ఆకు కండ తీయడం తేలిక, కడగడమే కష్టం

పొద్దున ల్యాబులో పాలకూర, సాయంత్రం పెరట్లో రావి ఆకు. బయో ఇంజనీరింగ్ చదివేవాళ్లకి ఇదేం పిచ్చి అనిపించొచ్చు గానీ రెండు చోట్లా జరిగేది ఒకటే పని. ఆకులో ఉన్న కండంతా తీసేసి ఈనెల గూడు ఒక్కదాన్ని మిగల్చడం. పాలకూర గూడులో కణాలు పెంచడం చదువు కిందికి వస్తుంది, రావి ఆకు గూడు మీద బొమ్మ వేయడం సరదా కిందికి వస్తుంది. నిజానికి కండ తీయడం పెద్ద విద్యేం కాదు. తీయడానికి వాడిన మందును మళ్లీ ఆకులోంచి బయటికి రప్పించడమే విద్య. చెడిపోయే ఆకుల్లో ఎక్కువ అక్కడే చెడిపోతాయి. అందుకే ఈ పోస్టులో కడుగుడు గురించే ఎక్కువ ఉంటుంది.

ముందు చదువు సంగతి. ఒంట్లో దాదాపు ఏ కణమైనా రక్తపు కేశనాళికకు 100 నుంచి 200 మైక్రాన్ల లోపే ఉండాలి. అంటే ఒకటి రెండు వెంట్రుకల మందం. అంతకన్నా దూరమైతే ఆక్సిజన్ అందక చచ్చిపోతుంది. పెట్రీ డిష్‌లో పలచటి పొరగా కణాలు పెంచడం అందుకే సులువు, వేలి మందాన కండ పెంచడం అందుకే కష్టం. పైపైన బతుకుతుంది, లోపల కుళ్లిపోతుంది. పోనీ గొట్టాలు మనమే పోత పోద్దామంటే, పది మైక్రాన్ల దాకా సన్నబడుతూ కొమ్మలు వేసే గొట్టాలను త్రీడీ ప్రింటర్లతో చేయడం ఇప్పటికీ తలనొప్పే. సరే, ప్రకృతిలో ముందే ఉన్న గొట్టాలనే వాడుకుంటే? 2008లో మిన్నెసోటా యూనివర్సిటీలో డోరిస్ టేలర్ బృందం ఎలుక గుండెను డిటర్జెంటుతో కడిగి కణాలన్నీ తీసేసి, మిగిలిన తెల్లటి గూడులో కొత్త కణాలు నింపి కొట్టుకునేలా చేసింది. 2014లో కెనడాలోని ఒట్టావాలో ఆండ్రూ పెల్లింగ్ బృందం అదే పని యాపిల్ ముక్కతో చేసింది. 2017లో అమెరికాలోని వూస్టర్ పాలిటెక్నిక్ వాళ్లు పాలకూర ఆకు ఈనెల్లోకి ద్రవం పంపి, ఆకు మీద మనిషి గుండె కణాలను పెంచి చూపించారు. పాలకూర కట్ట ల్యాబు ఫ్రిజ్‌లోకి వచ్చింది అప్పటినుంచే.

ఆకు ఈనెలో నీళ్లు మోసే జైలమ్ గొట్టాలు ముదిరేసరికే చనిపోయి బోలుగా ఉంటాయి. వాటిలో తీయడానికి కణాల సరుకంటూ ఏమీ ఉండదు. తీయాల్సిందంతా గొట్టాల చుట్టూ ఉన్న పచ్చటి మెత్తటి కండలోనే. కాడ నుంచి మందు పంపిస్తే ఆకు మూలమూలకీ చేరేది ఆ బోలు గొట్టాల పుణ్యమే.

ఏ పాలకూర అన్నది ఇక్కడ చాలా ముఖ్యం, పేపర్లు చదివి దిగినవాళ్లు మొదట తప్పేది ఇక్కడే. పరిశోధన పత్రాల్లో స్పినాచ్ అంటే స్పినాసియా ఒలెరేసియా. మన రైతు బజారుల్లో పాలకూర అని అమ్మేది చాలావరకు బీట్‌రూట్ జాతికి చెందిన బీటా వల్గారిస్. రుచి దగ్గరగా ఉంటుంది, ఆకు లోపలి కట్టడం వేరు. విత్తనాలు కొనేటప్పుడు తేడా ఇట్టే తెలుస్తుంది. మన పాలకూర విత్తు గరుకుగా, రెండు మూడు గింజలు అతుక్కున్న ఉండలా ఉంటుంది, ఒక్క ఉండ నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి. స్పినాసియాది విడి గింజ. మన పాలకూర పనికిరాదని కాదు, దాని కాడ లావుగా ఉండటం వల్ల సూది గుచ్చడం సులువే. కానీ ఒకదానికి రాసిన గంటలు, కొలతలు రెండోదానికి అక్షరాలా సరిపోవు. నోట్‌బుక్‌లో శాస్త్రీయనామం రాయకుండా ‘పాలకూర’ అని రాసి వదిలేస్తే ఆర్నెల్ల తర్వాత ఎవరికీ అక్కరకు రాదు.

విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజారులో పొద్దున్నే వెళ్లి ‘వేర్లతో ఉన్న కట్ట ఉందా అమ్మా’ అని అడగడం మంచిది. కట్టకు బిగించిన తాడు సరిగ్గా కాడల మీదే పడుతుంది, నలిగిన కాడలోంచి ద్రవం ఆకులోకి వెళ్లకుండా పక్కలకి కారిపోతుంది. ఎండకు వాడిన ఆకైతే మరీ దండగ, ఈనెల్లో గాలి బుడగలు చేరి ఉంటాయి, ఆ బుడగను తోసుకుని మందు ముందుకు పోదు. ఇంతకన్నా కుండీలో నాలుగు గింజలు వేసుకోవడం నయం. ముప్ఫై, ముప్ఫై అయిదు రోజుల్లో పనికొచ్చే ఆకు వస్తుంది. అరచేయంత ఆకు చాలు. కోసేటప్పుడు కాడను నీళ్లలో ముంచి నీటి లోపలే కోయాలి. గాల్లో కోస్తే ఆ క్షణంలోనే గాలి పీల్చేసుకుంటుంది.

కాడలోకి ఎక్కించడానికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే కాన్యులాయే వాడతాం. కాడ లావును బట్టి పింక్ రంగుది, అంటే 20 గేజ్, లేదా నీలం రంగుది, అంటే 22 గేజ్. సూది బయటికి లాగేసి ప్లాస్టిక్ గొట్టాన్ని మాత్రమే కాడలో సెంటీమీటరు మేర ఉంచి, చుట్టూ దారంతో రెండు ముళ్లు వేయాలి. గట్టిగా బిగిస్తే కాడ తెగుతుంది, వదులైతే కారుతుంది. తెల్ల కుట్టు దారం కన్నా సాగే మైనపు పొరలాంటి పారాఫిన్ ఫిల్మ్ ముక్క ముందు చుట్టి దానిపైన దారం కడితే నయం. సెలైన్ సెట్ తగిలించి, సీసాను ఆకు కన్నా 60 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీస్తే దాదాపు 44 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి వస్తుంది. అంతకు మించి ఎత్తితే పని త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు, ఆకు ఉబ్బి ఈనెల పక్కన చీలుతుంది.

మందు సోడియం డోడెసిల్ సల్ఫేట్ అనే డిటర్జెంటు, అందరూ ఎస్‌డీఎస్ అంటారు. లీటరు నీటికి 10 గ్రాములు, అంటే 1 శాతం. పొడి తూచేటప్పుడు మాస్కు తప్పనిసరి, గాల్లోకి లేచే నలుసు ముక్కులోకి పోతే తుమ్ముల మీద తుమ్ములు. సెలైన్ సెట్‌లో 20 చుక్కలకి ఒక మిల్లీలీటరు లెక్క. నిమిషానికి 6 చుక్కలు పెడితే గంటకి 18 మిల్లీలీటర్లు, రోజుకి 430 చిల్లర. అయిదు రోజులకి రెండు లీటర్ల పైమాటే. ఒక్క ఆకుకి 22 గ్రాముల ఎస్‌డీఎస్ పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. మొదటి రోజు అన్ని చుక్కలు కూడా వెళ్లవు, కంగారుపడి ఎత్తు పెంచకండి.

మొదటి కొన్ని గంటల్లో ఆకు తెల్లబడదు సరికదా ఇంకా నల్లబడుతుంది. గాలి గదుల్లోకి ద్రవం చేరడం వల్ల తడిసిన గుడ్డలా ముదురు ఆకుపచ్చ అవుతుంది. అది మంచి గుర్తే. ఎక్కడైనా లేత రంగు మచ్చ అలాగే మిగిలిందంటే ఆ ఈనెలో గాలి ఇరుక్కుందని లెక్క. రెండో రోజు నుంచి కింద ట్రేలో నీళ్లు పచ్చబడతాయి. అయిదో రోజుకి ఆకు వెలిసిన ఖాకీ రంగుకి వస్తుంది. ఆపైన 0.1 శాతం ట్రైటన్ ఎక్స్-100 అనే ఇంకో డిటర్జెంటు కలిపిన సోడియం క్లోరైట్ ద్రావణం 48 గంటలు నడిపితే ఖాకీ కూడా పోయి, ఆకు అద్దంలా అవుతుంది. కింద పెట్టిన పేపరు మీద అక్షరాలు చదవొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. సోడియం క్లోరైట్ వేరు, బట్టల బ్లీచ్‌లో ఉండే సోడియం హైపోక్లోరైట్ వేరు. షాపువాడు ఒకదానికొకటి ఇస్తాడు, సీసా మీద పేరు అక్షరం అక్షరం చూసుకోవాలి. క్లోరైట్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ డయాక్సైడ్ వాయువు వస్తుంది, హైపోక్లోరైట్‌కి తగిలితే క్లోరిన్ వస్తుంది. రెండూ ఊపిరితిత్తులకి విషమే. ఈ పని విషవాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే, వెనిగర్, టాయిలెట్ క్లీనర్ లాంటివి దరిదాపుల్లో లేకుండా చేయాలి. ఆకు పైన మైనపు పొరను తీయడానికి పేపర్లలో హెక్సేన్ వాడతారు, అది భగ్గున అంటుకునే ద్రవం, ఇంట్లో వాడే వస్తువు కాదు.

నీళ్ల సంగతి. మన బోరు నీళ్లతో ఎస్‌డీఎస్ కలిపితే తెల్లటి తెట్టు కడుతుంది. నీళ్లలోని కాల్షియం, డిటర్జెంటుతో కలిసి కరగని ఉప్పుగా మారుతుంది, ఆ తెట్టు సన్న ఈనెల మూతుల్ని మూసేస్తుంది. డిస్టిల్డ్ వాటరే వాడాలి. రెండో తెట్టు ఇంకా మాయదారిది. ఎస్‌డీఎస్ అయ్యాక నేరుగా ఫాస్ఫేట్ బఫర్ సెలైన్, అంటే కణాలకి సరిపడే ఉప్పు ద్రావణం, పంపితే ఆకు లోపలంతా తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. ఆ బఫర్‌లో పొటాషియం ఉంటుంది, పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ నీళ్లలో కరగదు. దాన్ని చూసి ఏదో బూజు పట్టిందని ఆకు పారేసేవాళ్లున్నారు. మూడోది ఏసీ. గది 18 డిగ్రీల్లో పెడితే, పలచన చేసి వాడుకోవడానికి ముందే చిక్కగా కలిపి ఉంచిన 10 శాతం ఎస్‌డీఎస్ స్టాక్ సీసాలోనే పలుకులు కడుతుంది. అది చెడిపోలేదు, గోరువెచ్చటి నీళ్లలో సీసా పెడితే మళ్లీ తేటపడుతుంది. అలా పలుకులున్న సీసాలోంచి పైపైన తేట తీసి వాడితే మాత్రం మీరు అనుకున్న 1 శాతం ఉండదు.

ఇప్పుడు అసలు కష్టం. ఎస్‌డీఎస్ కణాల పొరల్ని కరిగించే మందు. పాలకూర కణాల పొరల్ని కరిగించింది కదా, ఆకులో కాస్త మిగిలినా మీరు తర్వాత వేసే కణాల పొరల్నీ కరిగిస్తుంది. కణాలు వేసిన మర్నాటికి గుండ్రంగా ముడుచుకుని తేలిపోతున్నాయంటే నూటికి తొంభై పాళ్లు కణాల తప్పు కాదు, కడగని ఆకు తప్పు. డిస్టిల్డ్ వాటర్ 48 గంటలు పంపడం మొదటి మెట్టు. తర్వాత 100 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌లో రాత్రంతా ఉంచడం, అంటే లీటరుకి డైహైడ్రేట్ అయితే 14.7 గ్రాములు. కాల్షియం వద్దని ఇప్పుడే చెప్పి మళ్లీ ఇదేమిటంటే, మొదట్లో కాల్షియం శత్రువు, చివర్లో చుట్టం. ఆకు గూడు గోడల్లోని సెల్యులోజ్ అనే పదార్థానికి అంటుకుని వదలని ఎస్‌డీఎస్‌ని అది విడదీసి తెల్లటి పొడిగా బయటికి తెస్తుంది, ఆ పొడిని మళ్లీ మూడు నాలుగు విడతల డిస్టిల్డ్ వాటర్‌తో కడిగేయాలి. తర్వాతే బఫర్.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది? చివరి కడుగు నీళ్లు 10 మిల్లీలీటర్లు టెస్ట్ ట్యూబులో పోసి పది సెకన్లు కుదపండి. నురగ నిమిషం దాటి నిలిస్తే ఇంకా ఉంది. నురగ లేనంత మాత్రాన లేదని మాత్రం కాదు, ఇది మోటు పరీక్ష. మేలైనది మెథిలీన్ బ్లూ పరీక్ష. కడుగు నీళ్లలో చుక్క మెథిలీన్ బ్లూ వేసి, క్లోరోఫామ్ పోసి కుదిపి నిలవబెడితే, ఎస్‌డీఎస్ ఉన్నప్పుడు నీలం రంగు కిందనున్న క్లోరోఫామ్ పొరలోకి దిగుతుంది. లేకపోతే పైన నీళ్లలోనే ఉండిపోతుంది. రెండు నిమిషాల పని, రెండు వారాల కల్చర్‌ని కాపాడుతుంది. ఇదీ ఫ్యూమ్ హుడ్‌లోనే.

పాత కణాలు పోయాయని తేల్చడానికి 2011లో క్రాపో, గిల్బర్ట్, బాడిలాక్ ప్రతిపాదించిన కొలతలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. ఒక మిల్లీగ్రాము ఎండు గూడులో డీఎన్ఏ 50 నానోగ్రాములు మించకూడదు, మిగిలిన ముక్కలు 200 బేస్ పెయిర్ల (డీఎన్ఏ పొడవు కొలత) కన్నా పొట్టిగా ఉండాలి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే కేంద్రకాలు కనబడకూడదు. ఆకులతో ఇక్కడ ఒక చిక్కు ఉంది. కేంద్రకాలకి వేసే డాపీ రంగు నీలంగా మెరుస్తుంది, ఈనెలకి గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ కూడా అదే కాంతిలో ఏ రంగూ వేయకుండానే నీలంగా మెరుస్తుంది. రంగు వేయని ఆకు ముక్క ఒకటి పక్కన పెట్టి పోల్చకపోతే, శుభ్రమైన ఆకును చూసి డీఎన్ఏ నిండా ఉందని రాసేస్తాం. ఈనెలు బాగున్నాయో లేదో చూడటానికి మాత్రం పెద్ద యంత్రాలు అక్కర్లేదు, కాడలోంచి ఎర్ర ఫుడ్ కలర్ నీళ్లు పంపితే చాలు. అంచు దాకా సన్నటి గీతలుగా పారితే మంచిది, ఎక్కడో మధ్యలో మరకలా పరుచుకుంటే అక్కడ ఈనె పగిలింది.

కణాలు వేసే ముందు ఇంకొక్క మాట. జంతు కణానికి పట్టు దొరకాలంటే ఫైబ్రోనెక్టిన్, కొలాజెన్ లాంటి ప్రోటీన్ కావాలి. సెల్యులోజ్ దానికి నున్నటి గోడలాంటిది. ఫైబ్రోనెక్టిన్ ఖరీదు చూసి వెనకాడేవాళ్లు 0.1 శాతం జెలటిన్ పూసి మొదలుపెట్టొచ్చు. ఇంకో పరిమితి ఒప్పుకోవాలి. మనిషి ఒంట్లో సెల్యులోజ్‌ని అరిగించే ఎంజైమ్ లేదు, ఆకు గూడు లోపల పెడితే కరగకుండా అలాగే ఉండిపోతుంది. ఎముకలాంటి చోట అది మేలు కావచ్చు, గుండెకి అతుకు వేయాలంటే ఇబ్బంది. ‘పాలకూరతో గుండె’ అని మురిసిపోయే వీడియోల్లో ఈ మాట వినబడదు.

ఇక రావి ఆకు. ఉత్తరాంధ్రవాళ్లకి ఈ పని ఏనాడో తెలుసు, పేరే వేరు. గోగు కట్టల్ని చెరువులో ముంచి ఊరవేస్తే నార విడివడుతుంది కదా, అదే ఇది. కణాన్ని కణాన్ని అతికించి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. నీళ్లలోని బ్యాక్టీరియా ఆ జిగురును తినేస్తుంది, లిగ్నిన్ పట్టిన గట్టి నార జోలికి పోదు. ఆకులోనైతే కండ జారిపోయి ఈనెలు మిగులుతాయి.

ఆకు ఎంపికలో తొందర పనికిరాదు. కొత్తగా వేసిన రాగి రంగు ఆకులు లిగ్నిన్ చాలక ముద్దయిపోతాయి. వానలు వెనకబడ్డాక దొరికే, చేత్తో వంచితే పెళుసుగా తగిలే ముదురు ఆకులు మేలు. వెలుతురుకి ఎదురుగా పట్టి పురుగు బెజ్జాలు, బొడిపెలు లేనివి ఏరుకోవాలి. వీధి చివర చెట్టు ఏదైనా పరవాలేదు గానీ కంబాలకొండ అభయారణ్యంలోకి వెళ్లి కోసుకురావద్దు. కోసిన కాడలోంచి పాలు కారతాయి, పది నిమిషాలు తలకిందులుగా పెట్టి కారనిచ్చి కడగాలి, లేకపోతే ఆ పాలు ఈనెల మీద గోధుమ రంగు మరకలుగా మిగులుతాయి.

ఊరబెట్టే పద్ధతిలో బకెట్టు నీళ్లు, పైన తేలకుండా ఒక పలక, మూడు నాలుగు వారాల ఓపిక. వారానికోసారి నీళ్లు మార్చాలి, అయితే మొత్తం పారబోయకూడదు. పాలలో తోడు వేసినట్టు పాత నీళ్లు పావు వంతు ఉంచితే అందులోని బ్యాక్టీరియా పని కొనసాగిస్తుంది. కుళాయి నీళ్లు ఒక రాత్రి నిలవ ఉంచి పోస్తే క్లోరిన్ పోతుంది. వాసన గురించి చెప్పనక్కర్లేదు, ఇంటి యజమాని గుమ్మానికి దూరంగా పెట్టండి. బకెట్టుకి పలచటి గుడ్డ కట్టి తీరాలి. వారం పది రోజుల్లో గుడ్డు నుంచి దోమ అయిపోతుంది, మన ఊళ్లో డెంగీకి వేరే సాయం అక్కర్లేదు.

త్వరగా కావాలంటే సోడా పద్ధతి. బట్టల సోడా, వంట సోడా కాదు. బట్టల సోడాలోనూ రెండు రకాలున్నాయి. మెత్తటి పొడిగా ఉండే సోడా యాష్ అయితే లీటరుకి 40 గ్రాములు, పటిక ముక్కల్లా మెరిసే పలుకుల సోడా అయితే 110 గ్రాములు, ఎందుకంటే ఆ పలుకుల్లో సగానికి పైగా నీళ్లే. స్టీలు గిన్నెలోనే కాయాలి. అల్యూమినియం గిన్నెను క్షారం తినేస్తుంది, గిన్నె నల్లబడి ఆకు బూడిద రంగుకి తిరుగుతుంది. సన్న సెగ మీద గంట నుంచి రెండు గంటలు, తెర్లనివ్వకూడదు. తెర్లితే ఆకులు ఒకదానికొకటి కొట్టుకుని మొనలు విరిగిపోతాయి, రావి ఆకుకి ఆ పొడుగాటి మొనే అందం. ఒక ఆకు తీసి వేలితో రుద్ది చూడండి, పై తోలు తడి కాగితంలా జారితే దింపేయొచ్చు. చేతికి గ్లవ్స్ ఉండాలి, సోడా నీళ్లు మన తోలునూ వదలవు.

ఆకును నున్నటి టైలు మీద, నీళ్ల పొర ఉండగానే పరిచి మెత్తటి పళ్ల బ్రష్‌తో తట్టాలి. రుద్దకూడదు. నిలువుగా టపటపా తడితే కండ కుచ్చుల మధ్యకి చేరుతుంది, అడ్డంగా గీస్తే సన్న ఈనెలు తెగుతాయి. కాడ దగ్గర మొదలుపెట్టి మొన వైపు పోవాలి, మధ్య ఈనె పక్కన కండ ఎక్కువ, అక్కడ ఓపిక కావాలి. ఒక పక్క తోలు ఊడొచ్చాక తిప్పి రెండో పక్క. కండ ఇంకా పట్టుకుని ఉంటే బలవంతం చేయకుండా మళ్లీ ఇరవై నిమిషాలు సోడాలో వేయడమే. బాగా వచ్చిన ఆకు నీళ్లలో వేస్తే కనబడదు, బయటికి తీస్తేనే ఉందని తెలుస్తుంది.

తెలుపు చేయడానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ నాలుగైదు గంటలు చాలు. బట్టల బ్లీచ్ పది రెట్లు పలచన చేసి కూడా వాడొచ్చు గానీ దగ్గర కూర్చోవాలి. అది రంగుతో ఆగదు, లిగ్నిన్‌నీ తినేస్తుంది, అరగంట ఏమరుపాటుకి ఆకు సాలెగూడులా చేతిలోనే చిరిగిపోతుంది. ఏది వాడినా తర్వాతి కథ ల్యాబులోదే, కడుగు. నీళ్లు మారుస్తూ కనీసం ఆరు విడతలు, విడతకి పావుగంట. సోడా మిగిలితే ఆకు నెలలోపే పసుపెక్కుతుంది, బ్లీచ్ మిగిలితే ఎండాక మడతలో విరుగుతుంది. చివరి నీళ్లలో పసుపు కాగితం ముంచండి. పసుపు పూసిన కాగితం ఎర్రబడితే సోడా ఇంకా ఉన్నట్టే. పిహెచ్ కాగితం కొననక్కర్లేదు.

ఆరబెట్టడం మన సముద్రపు గాలిలో వేరే పాఠం. రెండు తెల్ల టిష్యూల మధ్య పెట్టి పైన బరువు, రోజుకి రెండుసార్లు టిష్యూ మార్పు. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. శ్రావణ భాద్రపదాల్లో మూడు రోజులైనా చల్లగానే తగులుతుంది, అలాగే పుస్తకంలో పెడితే నల్లటి బూజు చుక్కలు ఖాయం.

బొమ్మ వేయాలంటే బెజ్జాలు మూయాలి, నేరుగా వేస్తే రంగు అవతలికి కారుతుంది. ఫెవికాల్ ఒక వంతు, నీళ్లు నాలుగు వంతులు కలిపి రెండు పూతలు, మధ్యలో పూర్తిగా ఆరనివ్వాలి. గంజి పూయమని చెప్పేవాళ్లున్నారు, బొద్దింకలకి విందు చేయడమే అది. ఆ పైన చిక్కటి యాక్రిలిక్ రంగు, మూడు సున్నాల (అతి సన్న) బ్రష్. ఈనెల దారిని చూసుకుని గీతలు పెట్టుకుంటే బొమ్మ ఆకులో కూర్చుంటుంది, ఈనెలకి అడ్డంగా సూటి గీతలు గీస్తే స్టిక్కరు అంటించినట్టుంటుంది. దేవుడి బొమ్మలు అందరూ వేస్తారు, నా ఓటు మాత్రం చేపల వలకీ తెరచాపకీ. వలకి సగం గీతలు ఆకే గీసి పెడుతుంది.

మెరుపు కోసం లక్క. ఏటికొప్పాక బొమ్మల మెరుపు లక్కదే గానీ ఆ పద్ధతి ఇక్కడ కుదరదు. అక్కడ తిరిగే అంకుడు కర్రకి లక్క పుల్ల అదిమితే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. ఆకుని తరిణి మీద తిప్పలేం. వడ్రంగులు పాలిష్‌కి వాడే లక్క రేకులు 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో రాత్రంతా కరిగించి, వడకట్టి, పలచగా మెత్తటి బ్రష్‌తో ఒక్క చేతి వాటంగా పూయాలి. మబ్బు పట్టిన రోజున పూస్తే స్పిరిట్ ఆరే చల్లదనానికి గాలిలోని చెమ్మ పూత మీద దిగి పాలు పోసినట్టు తెల్లబడుతుంది. మంచి ఎండలో మిట్టమధ్యాహ్నమే ఆ పని పెట్టుకోవాలి.

రంగులు రానివాళ్లకి ఇంకో దారి ఉంది, సైనోటైప్. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన నీలం ముద్ర. అమ్మోనియం ఫెర్రిక్ సిట్రేట్ 25 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్లలో, పొటాషియం ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు మరో 100 మిల్లీలీటర్లలో, వాడే ముందు సమానంగా కలిపి మసక గదిలో కాగితం మీద పూసి ఆరనివ్వడం. దానిపైన ఆకు గూడు, పైన గాజు పలక, బయట ఎండ. వేసవి మధ్యాహ్నం అయిదారు నిమిషాల్లో పసుపుపచ్చ పూత బూడిద రంగుకి తిరుగుతుంది, నీళ్లలో వేస్తే ఆకు నీడ తెల్లగా, చుట్టూ ముదురు నీలం. పచ్చి ఆకు పెడితే అంచు ఒక్కటే పడుతుంది. గూడు పెడితే వెంట్రుకంత ఈనె కూడా పడుతుంది, కాకపోతే ఆకు కాగితానికి పూర్తిగా ఆనాలి. కాస్త లేచినా గీత మసకబారుతుంది.

ఇక్కడా నీళ్లే విలన్. ఈ నీలానికి క్షారం పడదు. కాఠిన్యం ఎక్కువున్న బోరు నీళ్లలో కడిగితే చూస్తుండగానే వెలుస్తుంది, లీటరుకి చెంచాడు వెనిగర్ కలిపితే నిలుస్తుంది. వెనిగర్ వరకే, ఫెర్రిసైనైడ్ దగ్గరికి గట్టి యాసిడ్లు తేకూడదు. జిరాక్స్ కాగితంలో సుద్ద కలుపుతారు, అందుకే దాని మీద ముద్ర నిలవదు. మందపాటి వాటర్‌కలర్ కాగితం వాడండి, గుడ్డ మీద కావాలంటే రంగు వేయని పొందూరు ఖద్దరు ఉంది. గంజి పోయేదాకా ఉతికి, ఉతికిన సబ్బు పోయేదాకా జాడించి మరీ వాడాలి. ఆకులో సోడా మిగిలిందో లేదో ఇదీ చెప్పేస్తుంది. కడగని ఆకును పూత మీద పెడితే ఈనెల చుట్టూ నీలం పట్టక పసుపు అంచు వస్తుంది. కావాలనే ఆ గుణాన్ని వాడుకునేవాళ్లూ ఉన్నారు. పూర్తయిన ముద్రను చిటికెడు సోడా నీళ్లలో ముంచి నీలాన్ని వెలిసేలా చేసి, బాగా కడిగి, చిక్కటి టీ డికాక్షన్‌లో అరగంట ఉంచితే నీలం పోయి నలుపు కలిసిన గోధుమ రంగు వస్తుంది.

తయారైన ఆకులు, ముద్రలు జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లంతో పెట్టుకోవాలి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే చెమ్మ పట్టినట్టు. సన్న సెగ మీద వేయిస్తే మళ్లీ నీలమవుతాయి, కానీ ఆ నీలం కోబాల్ట్ ఉప్పుది. దానికి పాత మూకుడు ఒకటి విడిగా పెట్టుకోండి, అది మళ్లీ పోపుకి పొయ్యి ఎక్కకూడదు.